వేసవి గెడ్డలలో చిరుచేప: నాగావళి, వంశధార దిగువ ప్రాంతపు వేటకు, సేద్యానికి గల సంబంధం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైతుకు నది అనగా ప్రధానంగా సాగునీరు. నది ఒడ్డున నివసించే పేద కుటుంబాలకు అది సంవత్సరంలో కొన్ని నెలలపాటు కూరకు ఆధారం కూడా. ఫాల్గుణమాసం చివరినుండి జ్యేష్ఠం వరకు ప్రవాహం సన్నగిల్లి, ఏరు మడుగులుగా విడిపోతుంది. ఆ కాలంలో గెడ్డలలోను, ఉప్పుటేర్లలోను, నదులు సముద్రంలో కలిసే మొగల వద్దను జానెడు పొడవు మించని చిరుచేపల వేట సాగుతుంది. ఈ విషయానికి వ్యవసాయ పరిశోధన పత్రికలో స్థానమేమిటని పాఠకులు అడుగవచ్చు. ఈ వ్యాసకర్త మత్స్యశాస్త్రవేత్త కాడు; సస్యవిజ్ఞాన శాస్త్రం బోధించేవాడు. అయితే వేసవి మడుగులో చేప బ్రతుకుటయా, చచ్చుటయా అన్నది చాలాచోట్ల వలపై కన్న పొలంపైననే ఎక్కువగా ఆధారపడి ఉన్నదని ఆలస్యంగా తెలుసుకొన్నవాడు. ఆ తెలివిడి ఎట్లు కలిగినదో తరువాత వివరిస్తాను.

ముందుగా ప్రాంత స్వరూపాన్ని గమనించాలి. వంశధార ఒడిశాలో పుట్టి 254 కిలోమీటర్లు ప్రవహించి కళింగపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. నాగావళి ఒడిశాలోని కలహండి కొండలలో పుట్టి, సువర్ణముఖి, వేగవతులను కలుపుకొని, 256 కిలోమీటర్ల ప్రయాణం తరువాత శ్రీకాకుళం సమీపాన కళ్లేపల్లి వద్ద సాగరాన్ని చేరుతుంది. విజయనగరం జిల్లాలో చంపావతి కోనాడ వద్ద, ఉత్తరాన మహేంద్రతనయ బారువ వద్ద ముగుస్తాయి. గోదావరి, కృష్ణలతో పోల్చితే ఇవి చిన్న నదులు. వాన పడితే పొంగుతాయి, వాన ఆగితే తగ్గుతాయి. గొట్టా బ్యారేజి, తోటపల్లి, నారాయణపురం ఆనకట్టల దిగువన మార్చి, ఏప్రిల్ నెలలలో ఇసుక మేటల మధ్య సన్నని పాయ, దానిని అంటిపెట్టుకొన్న మడుగులు మాత్రమే మిగులుతాయి. వీటిలోకి దిగే గెడ్డల పరిస్థితి ఇంకను బలహీనం.

ఈ మిగులు నీటిలోనే మరుసటి సంవత్సరపు చేపలకు విత్తనం ఉంటుంది. రైతు భాషలో చెప్పవలెనన్న, వేసవి మడుగు ఒక విత్తనపు గాదె. గాదెలోని గింజనంతా వండుకొని తిన్న ఇంటికి మృగశిర కార్తె వచ్చినప్పుడు చల్లుటకు ఏమీ ఉండదు.

మడుగులలో దొరికే చేపలను రెండు తెగలుగా చూడవచ్చు. మొదటి తెగ మంచినీటివి: పరిగెలు, జెల్లలు, ఇసుకదొందులు, బొమ్మిడాయిలు, గొరకలు, మట్టగిడసలు, ఇంగిలాయిలు, మార్పులు, అదృష్టం ఉంటే కొర్రమీను. వీటిలో గొరక, మట్టగిడస, ఇంగిలాయి, మార్పు, కొర్రమీను నీటిపైకి వచ్చి గాలిని నేరుగా పీల్చగలవు. ప్రతిదానికి అందుకు వేరువేరు అవయవ నిర్మాణం ఉన్నది. గొరక తలలో మడతలు మడతలుగా ఉన్న ప్రత్యేక కక్ష్య ఉంటుంది. మార్పుకు మొప్పల పైభాగాన కొమ్మలవంటి నిర్మాణం. ఇంగిలాయికి వెన్నెముక ప్రక్కన పొడవైన గాలి సంచులు. కాబట్టి నీరు వేడెక్కి, బురదగా మారినా ఇవి నిలుస్తాయి. పరిగె నిలువలేదు. ఎండలు ముదిరిన మడుగులో ముందు తేలేది పరిగె, చివరిదాకా నిలిచేది మార్పు. ఒక మడుగులో ఏ చేప మిగిలినదో చూచి ఆ నీటి ఆరోగ్యాన్ని అంచనా వేయవచ్చును. పరిగెలు ఇంకను ఈదుచున్న మడుగు బ్రతికి ఉన్న మడుగు.

రెండవ తెగ ఉప్పునీటి అంచుది. బొంతలు, పాలబొంత పిల్లలు, పండుగొప్ప పిల్లలు సముద్రంలో పుట్టి మొగల ద్వారా లోనికి వచ్చి పెరుగుతాయి. కేరళీయులు కరిమీను అని పిలిచి, 2010లో తమ రాష్ట్ర మత్స్యంగా ప్రకటించుకొన్న చేప తూర్పు తీరాన చిలికా సరస్సు వరకు కనిపిస్తుంది. ఇది పాచిని తిని, గ్రుడ్లను తల్లిదండ్రులు రెండును కావలి కాచే ఉప్పుటేటి చేప. దీనికి దూరపు బంధువైన మొజాంబిక్ తిలాపియాను మన దేశానికి 1952లో తెచ్చారు. అది ఎవరి అనుమతి కోసమూ ఆగక ప్రతి కాలువకు పాకినది. వేసవిలో పిల్లలు గాలానికి ఎక్కువగా పట్టేది నేడు అదే.

ఈ చేపల పేర్లను గురించి ఒక మాట. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ 1780 దశకంలో విశాఖపట్నంలో నివసించి, అక్కడి వలలలో పడిన చేపలను బొమ్మలు వేయించి, రెండు వందల చేపల వర్ణనను 1803లో లండన్‌లో ప్రకటించాడు. ప్రతి చేపకు జాలరులు చెప్పిన తెలుగు పేరునే వ్రాసుకొన్నాడు. మన వాలుగకు నేటికీ శాస్త్రలోకంలో చెల్లుతున్న ‘వల్లాగో’ అన్న ప్రజాతి నామం ఆ తెలుగు మాట నుండి వచ్చినదే. రెండు శతాబ్దాల క్రిందట ఒక విదేశీయుడు మన జాలరిని అడిగి తెలుసుకొన్న పేర్లు నేడు మన వ్యవసాయ పట్టభద్రులలో ఎందరికి తెలుసునో ఆలోచించవలసిన విషయం. మా విద్యార్థులు వరి కలుపు మొక్కలను శాస్త్రనామాలతో సహా చెప్పగలరు. అదే మడిలో ఈదే చేపను మాత్రం ‘చిన్న చేప’ అంటారు.

ఈ కాలపు వేటకు మరియొక కారణం సముద్రం వైపు నుండి ఉన్నది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినాలు మరబోట్ల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. సముద్రపు చేప సంతకు తక్కువగా వచ్చే ఆ రెండు నెలలలోనే ఏటి చేపకు గిరాకీ పెరుగుతుంది. నదిలో నీరు అతి తక్కువగా ఉండేది కూడా అప్పుడే. సముద్రపు చేపకు విశ్రాంతినిచ్చిన నిబంధన తెలియకుండానే గెడ్డ చేపపై భారం మోపుతున్నది. నిషేధం అవసరమైనదే, అయితే దాని నీడ ఎక్కడ పడుతున్నదో కూడా చూడాలి.

వేట సాధనాలు సరళమైనవి. వెదురు కర్ర, బెండు, గాలం, ఎరగా వానపాము. మోకాలి లోతు నీటిలో విసురువల. ఇరుకైన పాయలో వెదురు మావులు. బురద మడుగులో అడుగు లేని బుట్టను అదిమి పైనుండి చేయి పెట్టి పట్టుట. ఈ చివరి పనిని ఎక్కువగా స్త్రీలు, పిల్లలు చేస్తారు. ఇంగిలాయి ముల్లు విషపూరితం గనుక దానిని పట్టుటలో పెద్దవారి నేర్పు వేరు. వీటివలన చేప జాతికి పెద్ద ముప్పు లేదు. గాలం ఒక్కొక్క చేపనే తీస్తుంది. కన్ను పెద్దదైన వల పిల్లను వదలివేస్తుంది. అమెరికా తీరప్రాంత నదులలో వసంతకాలంలో పెనంలో ఇమిడేటంత చేపల కొరకు గాలపు వేట పెద్ద వినోదం. అచ్చట ఒక మనిషి దినానికి ఇన్ని చేపలు మాత్రమే పట్టవలెనని రాష్ట్రాలు పరిమితి విధిస్తాయి. మనకు ఆ వేట వినోదం కాదు, గంజిలోకి నంజు. అటువంటి లెక్కలను పేదవాని గాలంపై మోపుమని నేను చెప్పను.

ముప్పు వేరొక చోట ఉన్నది. మడుగును కట్ట వేసి, ఇంజనుతో తోడి, అడుగు బురద దాకా ఊడ్చుట ఒకటి. దోమతెర వంటి గుడ్డతో గాలించుట మరియొకటి. బ్యాటరీ తీగలు నీటిలో పెట్టుట, మందు కలుపుట అన్నింటికన్న హీనమైనవి. పేలుడు పదార్థాలతోను, విషంతోను చేపలు పట్టుటను 1897 నాటి భారత మత్స్య చట్టమే నేరంగా పేర్కొన్నది. ఆ చట్టంలో నిర్దేశించిన జరిమానా రెండు వందల రూపాయల వరకే. ఆనాటికి అది పెద్ద మొత్తం.

ఉద్దేశపూర్వకంగా మందు కలిపేవారు కొద్దిమంది. తెలియక కలిపేవారు అధికం. వారిలో మా సలహా పాటించే రైతులు ఉన్నారు. ఇక్కడ నా అనుభవం చెప్పక తప్పదు.

కొన్ని సంవత్సరాల క్రిందట గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో భాగంగా విద్యార్థులతో నాగావళి తీరంలోని ఒక గ్రామానికి వెళ్లితిని. నది ఒడ్డు ఒండ్రు నేలలలో వంగ, బెండ సాగు. వంగలో కొమ్మ, కాయ తొలుచు పురుగు విపరీతంగా ఉన్నది. సైపర్‌మెత్రిన్ 25 శాతం ద్రావణం సిఫారసు చేసితిని. పంటకు అనుమతి ఉన్న మందు, మోతాదు సరియైనది, పిచికారీ సమయం సాయంకాలం. సస్యరక్షణ దృష్టితో నా సలహాలో దోషం లేదు. మూడవ దినం మరల వెళ్లినప్పుడు పొలం దిగువ మడుగులో పరిగెలు, ఇసుకదొందులు వెల్లకిలా తేలి ఉన్నవి. రైతులు డ్రమ్ములో మందు కలిపినదీ, స్ప్రేయర్లు, ఖాళీ సీసాలు కడిగినదీ ఆ మడుగులోనే. నీరు దగ్గరగా ఉన్నది అక్కడే మరి. మడుగు ఒడ్డున బుట్టతో నిలుచున్న ఒక వృద్ధురాలు నన్ను చూచి, “మీరు సెప్పిన మందేనట బాబూ. పురుగూ సచ్చింది, సేపా సచ్చింది. మరి మా పిల్లలకి ఏటి పెట్టాల?” అన్నది. “తప్పు జరిగిందమ్మా” అనుటకన్న నావద్ద మాట లేదు. ఆమె మాటలో కోపం కూడా లేదు. మోతాదు, సమయం, విరామం అన్నీ చెప్పిన నేను, కడిగిన నీరు ఎక్కడ పారబోయవలెనో మాత్రం చెప్పలేదు.

ఆ రాత్రి నేను వేసిన లెక్క చాలా చిన్నది. సైపర్‌మెత్రిన్ వంటి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు మనుషులకు, పశువులకు సాపేక్షంగా తక్కువ ప్రమాదకరం. చేపకు, రొయ్యకు అతి తీవ్రమైన విషం. ప్రయోగశాల పరీక్షలలో అనేక జాతుల చేపలను లీటరు నీటికి పది మైక్రోగ్రాముల లోపు మందే చంపుతుంది. 25 శాతం ద్రావణంలో ఒక్క మిల్లీలీటరుకు సుమారు 250 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, అనగా రెండున్నర లక్షల మైక్రోగ్రాములు. దానిని లీటరుకు పది మైక్రోగ్రాముల స్థాయికి పలుచన చేయుటకు 25,000 లీటర్ల నీరు కావలెను. పది మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు గల మడుగులో ఉండే నీరు సరిగా అంతే. సీసా గోడలకు అంటుకొని మిగిలే మందు ఒక మిల్లీలీటరుకు తక్కువ ఉండదు. ఈ మందు బంకమట్టికి త్వరగా అంటుకొంటుంది గనుక వాస్తవంలో నీటిలో మిగిలే పాలు ఈ లెక్కకన్న తక్కువే. అయినను ఒక మడుగులో కడిగేది ఒక సీసా కాదు. వర్షాకాలపు నదిలో కొట్టుకొనిపోయి పలుచబడే మందు వేసవి మడుగులో కదలక నిలుస్తుంది. అదే మందు, అదే మోతాదు, అదే రైతు. మారినది నీటి పరిమాణం ఒక్కటే.

దీనికి తోడు వేసవి నీటికి సహజమైన బలహీనత ఉన్నది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద మంచినీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగలదు. 35 డిగ్రీల వద్ద ఆ శక్తి 7 మిల్లీగ్రాములకు పడిపోతుంది. వేడికి చేప శ్వాస అవసరం మాత్రం పెరుగుతుంది. ఇట్టి మడుగులోకి యూరియా, పేడ నీరు చేరి పాచి పెరిగిందంటే పగలు ప్రాణవాయువు సమృద్ధిగా ఉండి, తెల్లవారుజామున అడుగంటుతుంది. సూర్యోదయానికి ముందు చేపలు నోరు తెరచి నీటిపైకి వచ్చుటను చూచినవారికి ఇది క్రొత్త విషయం కాదు.

చేపకు ఆధారం తగ్గించే మరియొక సేద్యపు పని గోగునార ఊరవేత. ఇది వేసవి పని కాదు, శరత్కాలపు పని. అయినను వసంతంలో గాలానికి పడే చేప కార్తీకంలో బ్రతికి బయటపడినదే గనుక ఇక్కడ చెప్పవలసి ఉన్నది. ఉత్తర కోస్తా జిల్లాలు గోగునారకు ప్రసిద్ధి. ఆమదాలవలస పరిశోధనా స్థానం ఈ పంటపై చాలాకాలంగా కృషి చేస్తున్నది. కోసిన కాడలను చెరువులో, గెడ్డలో రెండు మూడు వారాలు ఊరవేస్తారు. సూక్ష్మజీవులు కాడలోని జిగురు పదార్థాన్ని కుళ్లబెట్టి నారను విడదీస్తాయి. ఆ క్రమంలో నీటిలోని ప్రాణవాయువునంతా హరిస్తాయి. నీరు నల్లబడి, కంపు కొట్టి, గాలి పీల్చే మార్పు, ఇంగిలాయి తప్ప తక్కినవి చచ్చిపోతాయి. గోగు సాగు విస్తీర్ణం తగ్గుతూ వచ్చినందున ఈ సమస్య తీవ్రత కూడా తగ్గినది; ఇది చేపకు లాభమే గాని గోగు రైతుకు కాదు, ఆ విషయం నాకు సంతోషం కలిగించేది కాదు. ఊరవేతకు ఊరి చెరువును, పారే గెడ్డను వాడక, పొలం మూలలో చిన్న గుంట తీసి, కాడనుండి పచ్చిగానే బెరడు ఒలిచి ఆ బెరడును మాత్రమే ఊరవేసిన నీటి అవసరం బాగా తగ్గుతుంది, నార నాణ్యత కూడా మెరుగవుతుంది. ఒలుచుటకు కూలీలు అధికంగా కావలసి వచ్చుట దీనిలోని చిక్కు.

ఇక ఉప్పుటేర్ల సంగతి. పైనుండి మంచినీటి ప్రవాహం నిలిచినప్పుడు ఆటుపోట్లతో సముద్రపు నీరు నదిలోకి ఎగబ్రాకుతుంది. చంపావతి వంటి చిన్న నదుల మొగలు ఇసుకతో పూడుకొని, నీటి రాకపోకలు మందగిస్తాయి. అప్పుడు బొంత, పాలబొంత పిల్లలు లోనికి రాలేవు, లోపలి చేప బయటకు పోలేదు. ఇక్కడ రైతు ప్రయోజనం, చేప ప్రయోజనం ఒకటే కావడం గమనార్హం. వరి పైరు నేలలో 3 డెసీసీమెన్స్ వరకు ఉప్పును సహిస్తుంది. సముద్రపు నీటిలో ఉప్పు స్థాయి సుమారు 50. దిగువ గ్రామాల ఎత్తిపోతల గొట్టాలలోకి ఉప్పునీరు రాకుండా ఆపగలిగేది పైనుండి వచ్చే పలుచని ప్రవాహమే. వేసవిలో ఆనకట్ట దిగువకు కొంత నీరు వదలుట వ్యర్థమని వాదించే ఎగువ రైతులు, అదే నీరు దిగువ రైతు నేలను కూడా కాపాడుతున్నదని గుర్తింపవలెను.

టెక్కలి ప్రాంతంలోని నౌపడ చిత్తడి నేలలు దీనికి మంచి సాక్ష్యం. సమీపాన తేలినీలాపురంలో శీతాకాలమంతా గూళ్లు కట్టి పిల్లలను పెంచే గూడబాతులు, రంగురంగుల కొంగలు ఆ చిత్తడి నేలల చేపలపైననే ఆధారపడతాయి. పక్షికి దొరికే చేప, మనిషికి దొరికే చేప ఒకే నీటిలోనివి.

పోషకాహార దృష్టితో కూడా చిరుచేపకు ప్రత్యేక విలువ ఉన్నది. పెద్ద చేపలో ముక్కను తిని ముల్లును పారవేస్తాము. పరిగెను తలతో, ముల్లుతో సహా నమిలి తింటాము. అందుచేత ఎముకలోని కాల్షియం, కన్ను, కాలేయంలోని విటమిన్ ఏ శరీరానికి చేరుతాయి. బంగ్లాదేశ్‌లో మోలా అనే చిరుచేపపై జరిగిన పరిశోధనలు దీనిని స్పష్టపరచినవి. అచ్చట కార్పు చేపల చెరువులలో మోలాను కలిపి పెంచుటను ప్రోత్సహించారు. మనవద్ద చేపల చెరువు సిద్ధం చేయుటలో మొదటి పని చిరుచేపలను ‘కలుపు చేపలు’ అని చంపుట. కలుపు అన్న మాట మా శాఖదే. కాబట్టి దాని వాడుకలో ఎంత తొందరపాటు ఉండగలదో మాకు తెలుసు.

ఏమి చేయవచ్చును? పైరిత్రాయిడ్ మందులను మానమని చెప్పుట సులభం, వంగ రైతుకు పాటించుట కష్టం. నదికి ఆనుకొన్న మడులలో ఫిబ్రవరి నుండి జూన్ వరకు లింగాకర్షక బుట్టలు, పురుగు సోకిన కొమ్మలను త్రుంచి నాశనం చేయుట, వేప సంబంధిత మందులతో మొదలుపెట్టి, తప్పనిసరి అయినప్పుడే రసాయనాలకు పోవుట ఒక మార్గం. వేప మందును కూడా నీటిలో కలుపరాదు. మందు కలిపే చోటు నీటి అంచునుండి కనీసం ఇరువది, ముప్పది అడుగులు వెనుకకు ఉండవలెను. డ్రమ్మును నీటి వద్దకు తీసుకొనిపోవుట కాదు, నీటిని బిందెతో డ్రమ్ము వద్దకు తేవలెను. సీసాను మూడుసార్లు కడిగి, ఆ నీటిని స్ప్రేయరులోనే పోసి పైరుపై కొట్టవలెను; అది రైతు డబ్బు పెట్టి కొన్న మందే గనుక వృథా కాదు. స్ప్రేయరు కడిగిన నీటిని గట్టుమీద, ఎండు నేలపై పారబోయవలెను. నేల ఆ మందును పట్టివేసి క్రమంగా విచ్ఛిన్నం చేస్తుంది. పొలానికి, మడుగుకు మధ్య నాలుగు బారల వెడల్పున దర్భ, తుంగ, రెల్లు ఉంచిన వాన నీటితో కొట్టుకొనివచ్చే మట్టి అక్కడే ఆగుతుంది. ఈ గడ్డిని పశువులకు కోసుకొనవచ్చును. ఒడ్డు కోతను కూడా తగ్గిస్తుంది. దున్నే నేల కొంత పోతుందని రైతు అంటాడు. ఏరు మలుపులో అది ఎటులైనా పోయే నేలయే.

గ్రామస్థాయిలో ఒక్క నిర్ణయం చాలు: ప్రతి గ్రామం తన పరిధిలోని మడుగులలో లోతైన ఒకదానిని తోడరాదు, ఊడ్చరాదు అని కట్టుబాటు చేసుకొనుట. గాలం వేసుకొనవచ్చును, ఇంజను పెట్టరాదు. ఏ మడుగును విడిచిపెట్టవలెనో నిర్ణయించేవారు అక్కడ వేటాడే స్త్రీలు, జాలరులు కావలెను. నీరు చివరిదాకా ఎక్కడ నిలుస్తుందో వారికి తెలిసినంత మాకు తెలియదు.

నేను ఆ సంఘటన తరువాత సస్యరక్షణ సిఫారసు చేసే ప్రతి చోట ఒక ప్రశ్న కలిపితిని: “మందు నీళ్లు ఎక్కడ తెచ్చుకొంటారు, డబ్బా ఎక్కడ కడుగుతారు?” విద్యార్థుల నమోదు పత్రంలో కూడా ఆ గడిని చేర్చితిమి. చాలామంది రైతులకు ఈ ప్రశ్న వింతగా తోచును. ఒకరిద్దరు నవ్వుతారు కూడా. అయితే ప్రశ్న అడిగిన తరువాత రైతు సాధారణంగా ఒకసారి మడుగు వైపు చూస్తాడు.

జూన్ మొదటి వారంలో తొలకరి నీరు గెడ్డకు చేరగానే మిగిలిన గొరకలు, మట్టగిడసలు, పరిగెలు ప్రవాహానికి ఎదురెక్కి కాలువలలోకి, అక్కడినుండి వరి మడులలోకి వస్తాయి. లోతు తక్కువై, వెచ్చనై, దోమ పిల్లలతో నిండిన ఆ మడులే వాటికి పురిటి గదులు. మృగశిర కార్తె నాడు చేప తినవలెననే ఆచారం మనవద్ద బలంగా ఉన్నది. ఆ దినాలలో ఎదురెక్కే చేప కడుపు నిండా గ్రుడ్లు ఉంటాయి. కాలువ తూము వద్ద మావు అడ్డు పెట్టిన ఒక్క రాత్రిలో బుట్ట నిండుతుంది. తూము మొత్తం మూయక, సగం వెడల్పు విడిచి మావు పెట్టే అలవాటు వంశధార దిగువన కొందరు వృద్ధ జాలరులలో చూచితిని. కారణం అడిగిన, “మళ్లీ ఏడుకి ఉండాల కదా బాబూ” అన్నారు. అదే వారంలో ఎగువ మడులలో నారుమళ్లకు మా సిఫారసు ప్రకారం గుళికలు చల్లుతారు. నారుమడి నీటిని చల్లిన తరువాత కొన్ని దినాలు బయటకు వదలక నిలువ కట్టవలెనన్న సూచన మా కరపత్రాలలో చాలాకాలంగా ఉన్నదే. మందు పైరుకు బాగా పట్టుటకని మాత్రమే దానిని ఇంతవరకు చెప్పుచున్నాము.